నాలుగు ఫిడేళ్ళు, ఒక వ్యాను జనం

ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో మనిషికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఒకటి, తనకి అన్నీ తెలుసనుకోవడం. రెండోది, తనవాళ్ళకి ఏమీ తెలీదనుకోవడం. నాకు రెండూ ఒకేసారి పట్టాయి, అదీ కాస్త గట్టిగానే. విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మెళ్ళో ఐడీ కార్డు వేలాడేసుకుని (ఆదివారం పూట పూర్ణా మార్కెట్‌కి కూరలకెళ్ళినా తీసేవాణ్ణి కాదు), ఇంగ్లీషులో ఈమెయిళ్ళు కొడుతూ, సముద్రంలో నిలబడ్డ ఓడలన్నీ నా మాట కోసమే ఆగాయన్నట్టు తిరిగేవాణ్ణి. ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం మెట్ల దగ్గరకి పోయి గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి. గొంతు పెంచితే నాలో దాక్కున్న మా ఊరి ‘నాను’లూ ‘ఏటి’లూ ఆఫీసు మధ్యలో బయటపడిపోతాయని భయం. ఇప్పుడు తల్చుకుంటే ఆ కుర్రాణ్ణి పిలిచి, ఓ ప్లేటు ఉప్మా పెట్టి, కార్డు తీసి పక్కన పెట్టరా అనాలనిపిస్తుంది.

అప్పట్లో నా మకాం మా బాబాయి ఇంట్లో. బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. ఆయన పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి గీతలు గీసే ఉద్యోగం అది. వయసులో ఉన్నప్పుడు ఏదో దేశపు నావికుడొకడు ఆయనకి స్నేహంగా ఒక క్యాసెట్టు ఇచ్చి వెళ్ళాట్ట. డాన్సు పాటలేమో అని ఇంటికి తెచ్చి పెడితే, అందులో పాటా లేదు, మాటా లేదు, నలుగురు కూర్చుని వాయించే ఫిడేళ్ళు. రెండు చిన్నవి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించేది. మా పిన్ని అది విని, “ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది, కట్టెయ్యండి” అందిట. బాబాయి కట్టెయ్యలేదు. రీలు సాగిపోయి ఫిడేళ్ళు మూలిగే దాకా విన్నాడు. అందులో రెండో ముక్క ఒకటుంది, నెమ్మదిగా నడిచేది. అదంటే ఆయనకి ప్రాణం. రోజూ రాత్రి అన్నాలయ్యాక నాకు ఆ ముక్క గురించి చెప్పేవాడు, నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి. “ఒక్కసారి ఆ నలుగురూ నా ఎదురుగా కూర్చుని అది వాయించాలిరా. నేను కుర్చీలో తీరిగ్గా కూర్చుని వినాలి. ఇంకేం అక్కర్లేదు నాకు” అనేవాడు. పోర్టులో బతుకంతా నిలబడే చేసిన మనిషి కదా, కుర్చీ మాట ఒత్తి పలికేవాడు.

రిటైరయ్యాక ఆయన విశాఖలోనే ఒక సంగీత సభకి కార్యదర్శి అయ్యాడు. కార్యదర్శి అంటే కుర్చీలు తుడిపించడం నుంచి గాయకుల గొంతుకి మిరియాల పాలు కాయించడం దాకా అన్నీ తనే అన్నమాట. ఆ సభ అధ్యక్షుడు బియ్యం వ్యాపారి. మంచాయనే గానీ, ఎవరు పాడుతున్నా తొడ మీద తాళం వేస్తాడు, అదీ పక్కింటికి వినపడేట్టు. ఆయనకి రెండు వైపులా ఒక్కో కుర్చీ ఖాళీగా ఉండేది, సభలో అందరం ఆయన్ని తాళంగారు అనేవాళ్ళం. బాబాయి ఈ తాళంగారి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఏటా జరిగే సంగీతోత్సవంలో ఒక సాయంత్రం తన ఫిడేళ్ళకి సంపాదించాడు. ఎక్కడెక్కడివాళ్ళకో ఉత్తరాలు రాసి, మన దేశంలో పర్యటనకి వస్తున్న ఒక జట్టుని ఒప్పించాడు. ఆ ఈమెయిళ్ళు కొట్టింది నేనే (ప్రతి వాక్యంలోనూ ఒక ‘కైండ్లీ’ ఉండేది). బాబాయి వాళ్ళని కోరింది ఒక్కటే, ఫలానా క్యాసెట్టులో ఫలానా ముక్క వాయించాలని. వాళ్ళు సరేనన్నారు. ఆ రోజు బాబాయి పిన్నిని అడక్కుండా టీ పెట్టి మా ఇద్దరికీ ఇచ్చాడు, అందులో పంచదార వెయ్యడం మర్చిపోయాడు.

తాళంగారు మాత్రం ఒక మెలిక పెట్టాడు. ఖాళీ కుర్చీలకి సంగీతం వినిపించడం సభకి అరిష్టం, హాలు నిండకపోతే వచ్చే ఏడు నుంచి ఈ సరదాలు కట్టిపెట్టెయ్యాలి అన్నాడు. హాలు నింపే పని బాబాయి నా నెత్తిన పెట్టాడు. నేను ఐడీ కార్డు సర్దుకుని, అదెంతలో పని అన్నాను. తీరా ఆఫీసులో అడిగితే ఒకడికి ఆ సాయంత్రం క్రికెట్టు, ఒకడికి అత్తగారు, ఇంకొకడికి అప్పటికప్పుడు జ్వరం. పాట లేని కచేరీ అనగానే అందరి మొహాలూ ఒక్క రకంగా మారిపోయేవి. రోజులు దగ్గర పడుతున్నాయి, బాబాయి రోజూ రాత్రి అన్నం కలుపుతూ ఎంతమంది అయ్యార్రా అని అడుగుతున్నాడు, నేను పప్పు బాగుంది పిన్నీ అంటున్నాను. చివరికి ఇంక దారిలేక, ఎవరికైతే ఫోన్ చెయ్యకూడదనుకున్నానో వాళ్ళకే చేశాను. భీమిలి అవతల మా ఊళ్ళో ఉండే మా మేనమామకి.

మా మావయ్య గురించి కొంచెం చెప్పాలి. ఆయనది పగలు వ్యవసాయం, రాత్రి పద్యనాటకం. వయసులో అర్జునుడి వేషం కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. మైకు లేకుండా పొలం గట్టు దాకా వినపడే గొంతు. మా వైపు నాటకాల్లో ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అంటారు, అంటే పాడినవాడు మళ్ళీ పాడాల్సిందే. కథ ఎక్కడున్నదీ ఎవరికీ పట్టదు. ఒకసారి మావయ్య యుద్ధంలో ఒకణ్ణి చంపేస్తే, చచ్చినవాడి పద్యం బాగుందని జనం గోల పెట్టారట. ఆ చచ్చినవాడు లేచి, పంచె దులుపుకుని, పద్యం పాడి, మళ్ళీ చచ్చాడు. మావయ్యకి అందులో నవ్వడానికేముందో ఇప్పటికీ తెలీదు.

ఫోన్లో ఆయన వివరాలన్నీ అడిగాడు. పాట ఎవరు అన్నాడు, పాట లేదన్నాను. మృదంగం అన్నాడు, లేదన్నాను. హార్మనీ పెట్టె ఉంటాది కదా అన్నాడు, అదీ లేదన్నాను. “మరింకేటున్నాదిరా అక్కడ?” అన్నాడు. నేను నసిగి నసిగి, బాబాయి కోరిక సంగతీ, హాలు నిండకపోతే అది ఆ ఒక్క ఏడుతోనే కట్టిపెట్టాల్సి వస్తుందనీ చెప్పాను. “అదీ ముందల సెప్పాల. ఫిడేళ్ళ కోసం రాం గానీ, బావ కోసం వొస్తాం” అన్నాడు. మా బాబాయీ ఆయనా ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకుంటారు, పెళ్ళిళ్ళలో తప్ప కలవరు, కలిస్తే మాత్రం పక్కపక్కనే కూర్చుంటారు.

కచేరీ రోజు సాయంత్రం, రోజూ పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వంకాయలు మోసే వ్యానులో మా ఊరు సగం దిగింది. అత్త, అత్త చెల్లెళ్ళు, నాటకం బృందం మొత్తం, వ్యానంతా కొత్తిమీర వాసన. తలకి నూనె రాసి దువ్వుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. మిగతావాళ్ళు చూసే లోపే వాళ్ళని హాలు పక్కకి తీసుకుపోయి పాఠం మొదలెట్టాను (నాకు తెలిసింది ముందు రోజు ఫోన్లో చదివిందే). ఈ సంగీతంలో ఒక్క దాన్నే నాలుగు ముక్కలుగా వాయిస్తారు, ముక్కకీ ముక్కకీ మధ్య ఆపుతారు, అప్పుడు చప్పట్లు కొట్టకూడదు, కొడితే మనం మోటువాళ్ళమని అనుకుంటారు, అంతా అయ్యాక బాబాయి తన భుజం మీది తువ్వాలు పైకెత్తుతాడు, అప్పుడు కొట్టండి అన్నాను. అత్త శ్రద్ధగా విని, బాగుంటే అని అడిగింది. బాగున్నా కొట్టకూడదన్నాను. బాగోకపోతే అంది. అప్పుడూ కొట్టకూడదన్నాను.

“మరి బాగున్నాదని ఆళ్ళకెలా తెలుస్తాది?” అంది అత్త.

టైమవుతోంది పదండి అని లోపలికి తోశాను.

హాలు నిండింది. బాబాయి గుమ్మంలో నిలబడి ఆ జనాన్ని చూసి, నా భుజం పట్టుకుని ఒకసారి నొక్కాడు. ముందు వరసలో చివరి కుర్చీ మీద ఆయన రుమాలు పరిచి ఉంచుకున్నాడు. మా ఊరివాళ్ళు నాలుగో వరసలో. వాళ్ళ చేతులు కనిపెట్టుకుని ఉండడం నా డ్యూటీ కాబట్టి నేను పక్కన గోడకానుకుని నిలబడ్డాను. స్టేజి మీదకి ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. పెద్దావిడ, తెల్లజుట్టు, ఆవిడే జట్టుకి పెద్ద, మొదటి చిన్న ఫిడేలు ఆవిడదే. మొదటి ముక్క జోరుగా సాగింది. తాళంగారు తొడ మీద చెయ్యెత్తి, ఎక్కడ వెయ్యాలో తెలీక, కాసేపు గాల్లోనే ఉంచుకుని, మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు. మా వాళ్ళు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని మరీ కూర్చున్నారు. ముక్క అయిపోగానే ముందు వరసల్లోంచి టపటపా చప్పట్లు. కొట్టింది ఎవరనుకున్నారు, తాళంగారూ, ఆయన స్నేహితులూ, ఒక కాలేజీ లెక్చరరూ. మా అత్త వెనక నుంచి వాళ్ళని, ఈళ్ళకెవరూ సెప్పనేదు కాబోలన్నట్టు చూసింది.

ఇక రెండో ముక్క. బాబాయి తన కుర్చీ వైపు నడిచాడు. రుమాలు తీసి మడత పెట్టుకుంటున్నాడు, ఇంకా కూర్చోలేదు. పెద్దావిడ కమాను తీగ మీద ఆనించింది, శబ్దం వచ్చీ రాక ముందే హాలు వెనకనుంచి గిన్నెల మోత. క్యాంటీనువాడు విరామంలో ఇవ్వడానికి ఇడ్లీ పాత్రలు కడుగుతున్నాడు. ఒకటి కాదు, గుట్ట మీద గుట్ట. నేను కదలబోతే బాబాయి అక్కణ్ణుంచే చేత్తో సైగ చేశాడు, నువ్వక్కడే ఉండు, మీవాళ్ళని చూసుకో అని. తనే వెనక తలుపు నుంచి పరిగెత్తాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూడ్డం. గిన్నెలు ఆగాయి. వెంటనే జనరేటరు దగ్గర ఎవరో గొడవ, అదీ ఆగింది. తర్వాత వీధిలో తాళంగారి డ్రైవరు కారు వెనక్కి తీస్తూ హారను, అది కూడా ఆగింది. లోపల ఆ నెమ్మది ముక్క నడుస్తూనే ఉంది. బయట ఒక్కో చప్పుడూ ఆగుతోందంటే బాబాయి అక్కడున్నాడన్నమాట. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి, అది అందరికీ బాగా వినపడాలని తను బయట తిరుగుతున్నాడు. పోయి లాక్కొద్దామా అంటే మా వాళ్ళ వరసలో ఒకాయన చేతులు తొడల కిందనుంచి బయటికి తీస్తున్నాడు.

బాబాయి రొప్పుతూ గుమ్మంలోకి వచ్చేసరికి ఆఖరి స్వరం సన్నగా పోతోంది. పోయింది. ఆయన నా వైపు చూశాడు. అయిపోయిందా అని పెదాలతో అడిగాడు. నేను తలూపాను. ఆయనా తలూపాడు, పోర్టులో ఏదో బస్తా తక్కువొచ్చిందంటే ఊపినట్టు. చొక్కా చేతులు తడిగా ఉన్నాయి, గిన్నెల నీళ్ళు కాబోలు. ఆ క్షణాన నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఈసారి తాళంగారు కూడా చప్పట్లు కొట్టలేదు. నలుగురూ మూడో ముక్కకి కమాన్లు ఎత్తారు. సరిగ్గా అప్పుడు నాలుగో వరసలోంచి మా మావయ్య లేచి నిలబడి, పొలం గట్టు గొంతుతో అన్నాడు.

“వన్స్ మోర్.”

కూర్చో మావయ్యా అని చేతులతో సైగలు చేశాను. ఈలోగా నాటకం బృందం మొత్తం, పెళ్ళికూతుళ్ళలా ముడుచుకు కూర్చున్నవాళ్ళు కాస్తా, వన్స్ మోర్, వన్స్ మోర్ అని అందుకున్నారు. అత్త గొంతు అందరికంటే పైన. తాళంగారు వెనక్కి తిరిగి చూసిన చూపుకి బియ్యం ఉడికిపోతుంది. నేను మావయ్య చెయ్యి పట్టుకుని లాగి, పరువు తీశావు, ఏటిది అన్నాను (ఆ ‘ఏటి’ హాలు మధ్యలో, ఐడీ కార్డు మెళ్ళో ఉండగా). ఆయన నన్ను జాలిగా చూసి, “సప్పట్లు వొద్దన్నావు, కొట్టనేదు. వన్స్ మోర్ వొద్దని సెప్పినావేటి?” అన్నాడు. నిజమే, చెప్పలేదు.

స్టేజి మీద పెద్దావిడ కమాను దించి, ఏం జరిగిందని ఇంగ్లీషులో అడిగింది. అందరూ నా కేసి చూశారు. షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు ఇంగ్లీషు అంతా ఆవిరైపోయింది. ఏవేవో కైండ్లీలు కలిపి, మా మావయ్యకి ఇది నచ్చిందండీ, మళ్ళీ వాయించమంటున్నారండీ, క్షమించండి అని చెప్పాను. ఇప్పుడు వాయించిందేనా అని అడిగింది. అవునండీ, ఆ నెమ్మదిదే అన్నాను. నలుగురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. పెద్ద ఫిడేలు నిలబెట్టి వాయించే గడ్డమాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను మాత్రం ఇంటికెళ్ళాక బాబాయికి మొహం ఎలా చూపించాలా అని ఆలోచిస్తున్నాను. తర్వాత ఆవిడ లేచి జనంతో మాట్లాడింది, నన్ను తెలుగులో చెప్పమంది.

“ఈ సంగీతం మా దేశంలో కొత్తగా ఉన్న రోజుల్లో జనం ఇలాగే అడిగేవారట, మధ్యలోనే. వాళ్ళు మళ్ళీ వాయించేవారట. ఇప్పుడు ఎవరూ అడగరు, అందరూ మరీ మర్యాదస్తులైపోయారు. మమ్మల్ని ఇలా అడిగిన మొదటి మనిషి ఈయనే. వాయిస్తాం.” ఇదీ ఆవిడ చెప్పింది. నేను సగం మామూలు తెలుగులో, సగం మా ఊరి తెలుగులో చెప్పాను, ఏది ఎక్కడ పడిందో నాకు తెలీదు. హాలంతా నవ్వింది, నన్ను చూసి కాదు, హాయిగా.

బాబాయి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ముందు వరసలో ఆయన కుర్చీలో ఈలోగా ఎవరో కూర్చున్నారు. ఆయన అది చూసి, ఫరవాలేదన్నట్టు గోడకి జారబడుతున్నాడు. మావయ్య తన పక్క కుర్చీలో మనిషిని లేపి, ఆ కుర్చీ పైపంచెతో దులిపాడు.

“బావా, ఇలగ రా. కూకోని యిను” అన్నాడు.

బాబాయి వచ్చి కూర్చున్నాడు. కొత్తిమీర వాసనల మధ్య, కుర్చీ వీపుకి పూర్తిగా ఆనుకుని. నలుగురూ మళ్ళీ మొదలుపెట్టారు. బయట ఏ చప్పుడూ లేదు. క్యాంటీనువాడు తడిచేతులతో తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. బాబాయి మొదట్లో స్టేజి వైపు చూశాడు, తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన పెదాలు కదలడం మొదలుపెట్టాయి. ముక్కలో ఏది ఎప్పుడొస్తుందో ఆయనకి ముందే తెలుసు, వచ్చే దానికి ఒక్క రవ్వ ముందు ఆయన మొహంలో అది వచ్చేసేది. నాలుగు ఫిడేళ్ళూ ఒకచోట కలిసినప్పుడు చంటిపిల్లాడిలా నవ్వాడు, ఆ వెంటనే కళ్ళనీళ్ళు జారాయి, నవ్వు మాత్రం పోలేదు. నేను అంతకుముందు ఆయన్ని ఏడుస్తుండగా చూడలేదు. అంత సంతోషంగా ఉండగా కూడా చూడలేదు.

మూడో ముక్క, నాలుగో ముక్క ఎలా గడిచాయో తెలీదు. అంతా అయిపోయాక హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మా ఊరివాళ్ళు మాత్రం చేతులు సిద్ధంగా పెట్టుకుని, కొట్టకుండా కూర్చున్నారు. తువ్వాలు ఎత్తితేనే కదా కొట్టాలి. తువ్వాలేమో బాబాయి మొహం మీద ఉంది. వన్స్ మోర్ అయితే అనొచ్చుగానీ, చప్పట్ల విషయంలో మాటంటే మాటే వాళ్ళకి. ఆఖరికి మావయ్యే బాబాయి చెయ్యి పట్టుకుని తువ్వాలుతో సహా పైకెత్తాడు. ఆ తర్వాత నాలుగో వరస కొట్టిన చప్పట్లకి గడ్డమాయన చెవులు మూసుకున్నట్టు నటించాడు. తాళంగారు బాబాయి దగ్గరకొచ్చి కాసేపు గొంతు సవరించుకుని, వచ్చే ఏడు వీళ్ళు వస్తే తాళం ఎక్కడ వెయ్యాలో ముందే కనుక్కుని చెప్పవయ్యా అన్నాడు. వాళ్ళు కాదు గానీ, తర్వాతి ఏడు ఇంకో నలుగురు వచ్చారు, ఆ పై ఏడూ వచ్చారు, వ్యాను ప్రతిసారీ వచ్చింది.

ఇది జరిగి చాన్నాళ్ళయింది. ఈ కథ నేను నలుగురిలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, ఇంతకీ ఆ ముక్క ఎలా ఉంటుంది అని అడుగుతారు. అప్పుడు నాకు నవ్వొస్తుంది. మొదటిసారి వాయించినంతసేపూ నేను మా వాళ్ళ చేతులు చూస్తున్నాను. రెండోసారి వాయించినంతసేపూ బాబాయి మొహం చూస్తున్నాను. రెండుసార్లు అక్కడే ఉండి, ఒక్క స్వరం కూడా నా చెవికెక్కలేదు. ఇప్పుడు ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు, వింటాను కూడా. కానీ అదేం విచిత్రమో, మొదలవగానే నాకు ఫిడేళ్ళు వినపడవు, ఆయన మొహమే కనపడుతుంది. ఎలా ఉంటుందని అడిగినవాళ్ళకి మాత్రం, చాలా బాగుంటుందండీ, నేను చూశాను అని చెప్తాను.